బట్టమేక పక్షి సరే, కరెంటు తీగల మాటేమిటి?

సంపాదకుడికి,

గత వారం మీ జిల్లా పేజీలో రోళ్లపాడు అభయారణ్యంలోని బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) మీద వచ్చిన వార్త చదివాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

పక్షి ఎందుకు కనుమరుగైందో చెబుతూ మీ విలేకరి ఊరకుక్కలను, వేటగాళ్లను, గొర్రెల కాపరులను, బీడు దున్నుకున్న రైతులను వరసపెట్టి నిలబెట్టారు. కాదనను. కాలువ నీళ్లొచ్చాక బీళ్లు చేలయ్యాయి, అందరికీ తెలిసిందే. కానీ నోరులేని వాళ్లందరి మీదా నేరం మోపి, కరెంటు తీగల ఊసే ఎత్తకపోవడం ఏమిటి? తీగ అంటే దాని వెనకున్న పెద్దల పేర్లు రాయాల్సి వస్తుందనా?

ఈ పక్షి దేశం మొత్తం మీద 150 కూడా లేదంటారు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో, జైసల్మేర్ వైపు ఎడారిలో ఉన్నాయి. అక్కడ 4,200 చదరపు కిలోమీటర్ల మేర అన్ని జాతులూ కలిపి ఏటా 84,000 పక్షులు తీగలకు బలవుతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది. వేటగాడికి అంత సత్తా ఎక్కడిది?

ఇది షాకు కొట్టి చావడం కాదు, ఎగురుతూ తీగను గుద్దుకుని చావడం. మగపక్షి 15 కిలోల దాకా తూగుతుంది. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి ఎదురుగా ఉన్నది సరిగా ఆనదు. దగ్గరికొచ్చాక తీగ కనిపించినా అంత బరువుతో చటుక్కున పక్కకు మళ్లలేదు. టవరు మీద అన్నిటికంటే పైన సన్నటి ఎర్తు తీగ ఉంటుంది చూడండి, అది మరీ మాయదారిది. అంటే లైన్లో కరెంటు పోయినా పక్షికి రక్షణ లేదు! మామూలుగా ఏడాదికి ఒక్కటే గుడ్డు పెట్టే జాతి ఇది.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ పక్షి తిరిగే ప్రాంతాల్లో వీలున్నచోటల్లా తీగలు భూమిలోంచి వేయమంది. అంత విస్తీర్ణంలో కుదరదని కేంద్రం మొత్తుకుంటే 2024 మార్చిలో కోర్టే ఆ ఉత్తర్వు సడలించి నిపుణుల కమిటీని వేసింది. పాపం, పక్షికి వాయిదా అడగడం రాదు.

మన దగ్గర ఓర్వకల్లు, పాణ్యం వైపు 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, దాని కరెంటు మోసే లైన్లూ వచ్చాయి. నేను సోలార్‌కు వ్యతిరేకిని కాను, మా ఇంటి మీదా పలకలున్నాయి. నేనడిగేదల్లా రోళ్లపాడు చుట్టూ ఏ లైను ఎక్కడుందో పటం మీద గీసి, చిన్న లైన్లను భూమిలోంచి వేసి, పెద్దవాటికి పక్షులకు కనిపించేలా తిరిగే బిళ్లలు కట్టమని. కట్టి వదిలేయకుండా ఊడినవి మళ్లీ వేయమని కూడా. ఈ మాట కరెంటాఫీసులో అడిగితే అటవీ శాఖ వాళ్లను అడగమన్నారు. అక్కడికి వెళితే స్తంభాలు తమవి కావన్నారు.

అయినా ఎవరిని అడుగుతున్నాను? మా పొలాల దారిలో తీగ ఎంత కిందికి జారిందంటే, ట్రాక్టరు వచ్చినప్పుడల్లా ఒకరు ఎండు వెదురుగడతో దాన్ని పైకెత్తి పట్టుకోవాలి. అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిపోయాం. బిల్లు ఒక్క నెల ఆలస్యమైతే మాత్రం ఫీజు పీకడానికి లైన్‌మన్ పొద్దున్నే దిగుతాడు. మనిషి నెత్తికి తగిలే తీగనే బిగించని వాళ్లు పక్షి రెక్కకు తగిలే తీగను పట్టించుకుంటారా? అక్టోబరులో వన్యప్రాణి వారోత్సవాలకు ఫ్లెక్సీలు కట్టడానికి మాత్రం అందరికీ తీరిక దొరుకుతుంది.

మరో మాట. ఆ వార్త పక్కన మీరు వేసిన ఫొటో బట్టమేక పక్షిది కాదు, కొంగది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నందికొట్కూరు