మోడల్స్ ఏరీ అని అడుగుతున్నవాళ్లకి

ఉగాది నుంచి మా పేజీలో చీరల ఫోటోలు మారాయి, మీరూ చూస్తూనే ఉన్నారు. సూరత్ నుంచి స్టాకుతో పాటు వచ్చే కేటలాగ్ బొమ్మలు పెట్టడం ఆపేశాం. ఇప్పుడు కనిపిస్తున్నవాళ్లంతా మన వైజాగ్ వాళ్లే, అందులో చాలామంది ఎంవీపీ కాలనీలో మా షాపుకి ఎప్పటినుంచో వచ్చేవాళ్లు. దీని మీద ఇన్‌బాక్సులో రెండు రకాల మాటలొస్తున్నాయి. "చాన్నాళ్లకి నాలాంటి ఒళ్లున్న మనిషి మీద చీర చూశాను" అని కొందరు. "ఏటండీ ఇది, మా పిన్నిని చూసినట్టుంది, మంచి మోడల్స్‌ని పెట్టొచ్చు కదా" అని ఇంకొందరు. ఒక్కొక్కరికి విడిగా టైపు చేసే ఓపిక లేక అందరికీ ఇక్కడే చెప్పేస్తున్నాను. మీ పిన్నిగారిలా ఉండాలనే పెట్టాం అండీ, మా దగ్గర చీరలు కొనేది ఆవిడే.

అసలు సంగతి రంగు దగ్గర మొదలైంది. ఆన్‌లైన్‌లో అమ్మిన చీర వెనక్కి వచ్చిందంటే మేం ఎక్కువగా వినే కారణం ఒకటే, ఫోటోలో ఒక రంగు, పార్సిల్ విప్పితే ఇంకో రంగు. ఇలా ఎందుకవుతుందో మాకు ఫోటోలు తీసే అబ్బాయి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి చూపించాడు. మనిషి చర్మం, నలుపైనా చామనఛాయైనా, ఎడిటింగ్‌లో చాలావరకు నారింజ రంగు లెక్కలోకి వస్తుందట. ముఖం తెల్లగా చేయాలంటే ఆ నారింజ వెలుతురు పెంచుతారు. పెంచితే ముఖంతో పాటు ఆవపిండి రంగు చీర, ఇటుక రంగు అంచు, జరీ అన్నీ పాలిపోతాయి. అంటే అమ్మాయిని తెల్లగా చూపించడం కోసం చీర గురించి అబద్ధం చెప్పాల్సి వస్తోంది. నేను అమ్మేది చీర కదా!

ఫోను కెమెరాకి ఇంకో అలవాటుంది. ఫ్రేములో ఏమున్నా, చాలాసార్లు మొత్తం మీద వెలుతురు మధ్యస్థంగా ఉండాలనే చూస్తుంది. పొందూరు ఖద్దరు లాంటి తెల్లటి చీర కట్టుకుని నిలబడితే ఫోను మొత్తాన్ని చీకటి చేసేస్తుంది, ఆ మనిషి ఉన్నదానికన్నా నల్లగా పడుతుంది. ముదురు నీలం కడితే ఉల్టా, వెలుతురు పెంచేసి నీలాన్ని బూడిద చేస్తుంది. కొన్ని ఫోన్లలో బ్యూటీ మోడ్ మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది, అది ముఖం మీద మచ్చల్ని తుడిచినట్టే ఒక్కోసారి నేతలో పోగుల్నీ తుడిచేస్తుంది. అందుకని ఇప్పుడు ముందు తెలుపుకీ నలుపుకీ మధ్యస్థంగా ఉండే ఒక బూడిద రంగు కార్డు పట్టుకుని వెలుతురు లాక్ చేసి, ఆ తర్వాతే మనిషిని నిలబెడుతున్నాం. బీచ్‌లో తీసేవన్నీ పొద్దున్నే తీస్తాం. మనకి సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు కాబట్టి ఆ టైములో వెలుతురు నేరుగా ముఖం మీద పడుతుంది. సాయంత్రం ఫోటోలు చూడ్డానికి బాగుంటాయి గానీ ప్రతి చీరా కొంచెం పసుపు పులుముకుంటుంది.

"అందరూ తెల్లగానే వేస్తారు, మీకేంటి ప్రత్యేకం" అని ఒకావిడ అడిగారు. అందరూ కూడా కాస్త మారుతున్నారండీ. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ అంత కాలం నడిచిన పేరును 2020లో వదులుకుని గ్లో అండ్ లవ్లీ అయింది (ట్యూబులో సరుకు ఎంత మారిందో మీకే తెలియాలి). పెళ్లి సంబంధాల సైటు షాదీ డాట్ కామ్ కూడా అదే ఏడాది ఒంటి రంగుని బట్టి వెతికే ఆప్షన్ తీసేసింది. అంతకుముందే 2014లో ప్రకటనల ప్రమాణాలు చూసే మండలి ఆస్కీ, తెల్లబరిచే క్రీముల ప్రకటనల్లో నల్లగా ఉన్నవాళ్లని దిగులుగా, పెళ్లికీ ఉద్యోగానికీ పనికిరానివాళ్లుగా చూపించకూడదని మార్గదర్శకాలు పెట్టింది. అవి క్రీములకే, చీరల షాపులకి కాదు. మమ్మల్ని ఎవరూ అడగరు. అడిగినా అడగకపోయినా, చామనఛాయ అమ్మాయి షాపులోకొచ్చి "ఈ రంగు నాకు నప్పదేమో" అని చీరని ముట్టుకోకుండానే వెళ్లిపోతే ఆ బేరం పోయింది నాకే. ఆ రంగు తనలాంటి మనిషి మీద ఎలా ఉంటుందో ఆమెకి ఎక్కడా ఎవరూ చూపించలేదు, అంతే.

కుర్తీలు, రెడీమేడ్ జాకెట్ల సైజుల సంగతి ఇంకా తలనొప్పి. ఒక కంపెనీ ఎల్ ఇంకో కంపెనీకి ఎక్స్ఎల్. మన దేశానికంటూ సొంత కొలతల పట్టిక లేకే ఈ తిప్పలన్నీ. అందుకే ఫ్యాషన్ చదువులు చెప్పే ప్రభుత్వ సంస్థ నిఫ్ట్ వాళ్లు ఇండియాసైజ్ అని హైదరాబాద్‌తో సహా ఆరు నగరాల్లో 25,000 మంది ఒంటి కొలతలు తీసే సర్వే పెట్టుకున్నారు. ఆ లెక్కలు కుట్టేవాళ్ల దాకా వచ్చే వరకు మా దారి మాది, ప్రతి ఫోటో కింద కట్టుకున్నావిడ ఎత్తు, వేసుకున్న సైజు రాస్తున్నాం. బరువు రాయం, అడక్కండి.

కూర్చుని తీసిన ఫోటోలు ఎందుకని కూడా అడిగారు. వీల్‌చైర్‌లో ఉండే మా కస్టమర్ ఒకరు, నిలబడ్డ ఫోటో చూసి తనకేం అర్థం కాదని, కూర్చుంటే కుచ్చిళ్లు ఎక్కడికొస్తాయో, కొంగు చక్రంలో పడుతుందో లేదో చూడాలని చెప్పారు. ఆవిడతోనే తీశాం. తీరా చూస్తే ఆ ఫోటోలు ఎక్కువగా సేవ్ చేసుకున్నది బ్యాంకుల్లో, కౌంటర్లలో రోజంతా కుర్చీలో ఉండేవాళ్లు!

ఒక సలహా మాత్రం తీసుకోలేదు. మా ఫోటోల్లో ఉన్న అరకు అమ్మాయిని "గిరిజన లుక్"లో, మోకాళ్ల పైకి కట్టు కట్టించి కాఫీ తోటలో తీయమన్నారు. ఆ అమ్మాయి మద్దిలపాలెంలో ఉంటూ ఆఫీసుకెళ్తుంది, ఆఫీసుకి కట్టుకునే మంగళగిరి కాటన్ అడిగింది, అదే కట్టుకుంది.

ఏఐ మోడల్స్ గురించి కూడా ఒక మాట. చీర ఫోటో ఒకటి పంపితే మనిషిని తయారుచేసి ఇచ్చేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు, ఖర్చు కూడా దాదాపు ఏమీ లేదు, ఏ రంగు మనిషి కావాలంటే ఆ రంగు మనిషి. మేమూ చూశాం. అంచులో హంసలు కొంగు దగ్గరికొచ్చేసరికి ఆకులైపోయాయి. ఉప్పాడ జాందానీలో ఒక్కో బుటాకి నేతగాడు విడిగా దారం ఎక్కిస్తాడు, దాన్ని మిషను ఊహించి వేస్తే నేను ఏ ముఖంతో అమ్మను?

అమ్మకాల సంగతి దాచను. లైకులు తగ్గాయి. రంగు తేడా అని వెనక్కొచ్చే చీరలూ తగ్గాయి. కాటన్లు బాగా పోతున్నాయి, పెళ్లి పట్టుచీరలు మాత్రం లేదు. పెళ్లికూతురి తల్లులు ఇంకా ఆ కేటలాగ్ మెరుపే అడుగుతున్నారు. 2013లోనే తనిష్క్ ప్రకటనలో చామనఛాయ పెళ్లికూతురు, అదీ చిన్న కూతురితో రెండో పెళ్లి చేసుకుంటూ కనిపించింది. అంత పెద్ద బంగారం కంపెనీకి లేని భయం నాకెందుకని నేనూ ఆగట్లేదు గానీ, టెన్షన్ లేదంటే మాత్రం నమ్మకండి.

ఫోటోలకి వచ్చేవాళ్లకి పూటకి 1,500 రూపాయలు, ఆటో ఛార్జీ ఇస్తున్నాం, జాకెట్టు కుట్టించేదీ మేమే. ముందే కాగితం మీద ఒప్పుకోలు తీసుకుంటాం. తర్వాత ఎప్పుడు తీసేయమన్నా మా పేజీలోంచి తీసేస్తాం. వాళ్ల ఒంటి మీద, రంగు మీద ఎవరైనా వెకిలి కామెంటు పెడితే డిలీట్ చేసి బ్లాక్ చేస్తున్నాం, మీరు పాత కస్టమరైనా సరే.

దసరా స్టాకు ఫోటోలు వచ్చే వారం మొదలుపెడతాం. అరవై దాటినవాళ్లు ఒకరు, బాగా పొడుగ్గా ఉండేవాళ్లు ఒకరు కావాలి. అయిదున్నర మీటర్ల చీర పొడుగువాళ్లకి కుచ్చిళ్ల దగ్గర ఎంత మిగులుతుందో చూపించమని అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు. గాజువాక నుంచైనా భీమిలి నుంచైనా పర్లేదు, పొద్దున్న ఆరింటికి రాగలిగితే చాలు, ఇన్‌బాక్సులో చెప్పండి.