సాంస్కృతిక కార్యక్రమాలు అలరించాయి సరే, ఏం ఆడారో కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ఎన్నారై పేజీ నేను దాదాపు వదలకుండా చదువుతానండి. ఉగాది కానీ దీపావళి కానీ, డాలస్ కానీ లండన్ కానీ మెల్‌బోర్న్ కానీ, వార్త మాత్రం అచ్చు గుద్దినట్టు ఒకటే. జ్యోతి ప్రజ్వలన ఎవరు చేశారు, శాలువా ఎవరు ఎవరికి కప్పారు, ప్రెసిడెంట్, సెక్రటరీ, ట్రెజరర్, స్పాన్సర్లు ఒక్క పేరు పోకుండా వేస్తారు, హైదరాబాద్ నుంచి వచ్చిన హీరోయిన్ ఫోటో పెద్దగా వేస్తారు, ఆఖర్న ఒక లైను, "చిన్నారుల సాంస్కృతిక కార్యక్రమాలు ఆహూతులను విశేషంగా అలరించాయి" అని. అక్కడితో సరి. ఏం ఆడారు, ఏం పాడారు, నేర్పిన టీచర్ ఎవరు, మృదంగం ఎవరు వాయించారు (లేక పెన్ డ్రైవే వాయించిందా!), ఆ ఊసే ఉండదు.

ఈ ప్రెస్ నోట్లు రాసి పంపేది ఇక్కడి సంఘాలే అని నాకు తెలుసు. న్యూజెర్సీలో మా తెలుగు సంఘం కల్చరల్ కమిటీలో నేనూ ఉన్నాను, లోపల సంగతులు బాగానే తెలుసు. అందుకే ఈ ఉత్తరం సగం మీకు, సగం మా వాళ్ళకి.

అసలు గొడవంతా ఈ "ఐటెం" పద్ధతి దగ్గరే మొదలవుతుందండి. ఇక్కడ ఫంక్షన్ అంటే హైస్కూల్ ఆడిటోరియం గంటల లెక్కన అద్దెకి తీసుకుంటాం, చెప్పిన టైంకి ఖాళీ చెయ్యకపోతే ఎక్స్‌ట్రా కట్టాలి. ఆ కాస్త టైంలోనే స్పీచ్‌లు, సన్మానాలు, స్పాన్సర్ల వీడియోలు, రాఫెల్ డ్రా అన్నీ అయిపోవాలి. మిగిలింది పిల్లల గ్రూపులకి ఐదేసి నిమిషాల చొప్పున పంచుతాం. ఎందుకంటే ఒక పాప స్టేజి ఎక్కితే కింద అమ్మా నాన్నా, అమ్మమ్మా తాతయ్యా, బాబాయి వాళ్ళూ, పక్కింటి వాళ్ళూ అందరూ టికెట్ కొంటారు. ఎన్ని ఐటెంలు ఉంటే అన్ని టికెట్లు. పైకి ఎవరూ అనరు గానీ కమిటీ మీటింగుల్లో లెక్క ఇదే. మరి ఐదు నిమిషాల్లో ఏం పడుతుంది? సినిమా పాటల మెడ్లీ పడుతుంది. నాకు సినిమా పాట మీద కోపమేమీ లేదు, మా అబ్బాయి కూడా ఆడాడు, నేను విజిల్ కూడా వేశాను. కానీ కూచిపూడి వాళ్ళ భామాకలాపం పట్టదు కదా. సత్యభామ తెర వెనక నించుని జడ తీసి తెర మీదుగా ఇవతలకి వేస్తుంది, నాతో పోటీకి వచ్చేవాళ్ళు ఎవరున్నారో రండి అని సవాలు అన్నమాట, తర్వాత ప్రవేశ దరువు, తనెవరో ఎంత గొప్పదో అందులో చెప్పుకుంటుంది, ఇదంతా అయ్యేసరికే మనవాళ్ళు పెట్టిన టైమర్ మోగుతుంది, ఆవిడ ఇంకా విరహంలో పడనే లేదు, చెలికత్తె మాధవి చేతికి కృష్ణుడికి ఉత్తరం ఇవ్వనే లేదు. అందుకని పాపం కూచిపూడి టీచర్లు కూడా ఇత్తడి పళ్ళెం అంచుల మీద నించుని చేసే తరంగం ముక్క ఒకటి పెట్టేస్తున్నారు, పళ్ళెం కదిలిందంటే చప్పట్లు గ్యారంటీ. వాళ్ళనీ తప్పు పట్టలేం.

ఇక రికార్డెడ్ ట్రాక్. పక్కన నట్టువాంగం పట్టేవాళ్ళు (తాళాలు వాయిస్తూ జతులు చెప్పేవాళ్ళు), పాడేవాళ్ళు ఉంటే, ఆడే అమ్మాయి ఒక చరణం దగ్గర అభినయం ఇంకొంచెం సాగదీస్తే వాళ్ళు ఆ లైను మళ్ళీ ఎత్తుకుంటారు, కాలు తడబడితే తాళంతో సర్దుతారు, ఆ అమ్మాయి మొహం చూస్తూ వాయిస్తారు. ట్రాక్ ఎవరి మొహమూ చూడదు. దాని పాటికి అది పోతుంది, పిల్ల దాని వెనక పరిగెత్తాలి. లైవ్ పెడదామంటే ఖర్చు అంటారు. అదే డీజేకి అడ్వాన్స్ ముందే వెళ్ళిపోతుంది, వేరే స్టేట్ నుంచి నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చే మృదంగం ఆయనకి మాత్రం ఒక పూలగుచ్ఛం, ఒక శాలువా, "మీరు కళాసేవ చేస్తున్నారు సార్" అని ఒక మాట. ఆయన పెట్రోలు డబ్బులు కూడా రావు దాంతో.

ఆ మధ్య మాకు దగ్గర్లోనే జరిగిన ఒక పెద్ద వేడుకకి (ఏ సంఘమో చెప్పను, మళ్ళీ గుళ్ళో మొహాలు చూసుకోవాలి) రాయలసీమ నుంచి తోలుబొమ్మలాట బృందాన్ని పిలిపించారు. పిలిపించినందుకు నిజంగా దండం పెట్టాలి. కానీ వాళ్ళకి ఇచ్చింది పదిహేను నిమిషాలు, అదీ భోజనాలకి పిలిచే ముందు. తెల్ల తెర కట్టారు, వెనకాల లైటు పెట్టారు, హాల్లో లైట్లు మాత్రం ఆర్పలేదు, ఎందుకంటే వెనక వరసగా చీరల స్టాళ్ళు, నగల స్టాళ్ళు ఉన్నాయి, వాళ్ళు ఒప్పుకోలేదు. తోలుబొమ్మ ఎలా చేస్తారో చూశారా ఎప్పుడైనా? మేక తోలుని వెలుగు అవతలకి కనిపించేంత పలచన చేసి, రంగులు అద్ది, సన్నటి చిల్లులు కొడతారు, సీతమ్మ నగలు, రావణుడి కిరీటం అన్నీ ఆ చిల్లుల్లోంచి వచ్చే వెలుగే. పూర్వం ఆముదం దీపాలు పెట్టి రాత్రంతా ఆడేవాళ్ళు. హాల్లో ధగధగా లైట్లు వెలుగుతుంటే ఇంకేం కనపడుతుంది, తెర మీద ఏవో మరకలు కదులుతున్నట్టు ఉంది. హనుమంతుడు లంకలో అడుగు పెట్టాడో లేదో ఎంసీ మైకు తీసుకుని "థాంక్యూ సో మచ్, గివ్ దెమ్ ఎ బిగ్ హ్యాండ్" అనేశాడు. తెర వెనక ఒక పెద్దాయన కాళ్ళకి గజ్జెలు కట్టుకుని చెక్క మీద తొక్కుతూ తాళం ఇస్తున్నారు, ఎంసీ ఏమన్నాడో ఆయనకి తెలీలేదు, సౌండ్ వాళ్ళు మైకు కట్ చేసేసరికి పాట వినపడటం ఆగింది గానీ ఆ చెక్క చప్పుడు మాత్రం ఇంకాసేపు వినపడుతూనే ఉంది. సగం మంది అప్పటికే ప్లేట్లు పట్టుకుని లైన్లో ఉన్నారు.

అక్కడే ఇంకోటి కూడా చూశాను. పెద్దవాళ్ళు భోజనాలకి వెళ్ళారు కానీ కొంతమంది పిల్లలు తెర వెనక్కి దూరారు. ఆ పెద్దాయన విసుక్కోకుండా, ఆటలో నవ్వించే బంగారక్క బొమ్మ తీసి ఒక అమ్మాయి చేతికిచ్చి, మధ్యలో ఉండే బద్దని ఎలా పట్టుకోవాలో, చేతుల పుల్లలు వేళ్ళ మధ్య ఎలా ఇరికించుకోవాలో చూపించారు. ఇంకో పిల్లాడు షూస్ విప్పేసి చెక్క ఎక్కి ధనధనా తొక్కడం మొదలెట్టాడు. ఆయన తెలుగులో చెప్తున్నారు, వీళ్ళు ఇంగ్లీషులో అడుగుతున్నారు, పని మాత్రం జరిగిపోతోంది. తల్లులు వచ్చి రెక్క పట్టుకుని లాక్కెళ్తే తప్ప కదల్లేదు. మన పిల్లలకి వీటిమీద ఇంట్రెస్ట్ లేదండీ అనే మాట కమిటీలో ఎవరన్నా నేను ఇప్పుడు ఒప్పుకోను. ఈ బొమ్మలాటకే కదా నిమ్మలకుంట దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చింది. అలాంటి కళకి మనం ఇచ్చింది భోజనాల ముందు పావుగంట.

టైం ఇస్తే ఏమవుతుందో క్లీవ్‌లాండ్ వెళ్ళి చూడొచ్చు. 1978లో ఒక చర్చి బేస్‌మెంట్‌లో చిన్నగా మొదలైన త్యాగరాజ ఆరాధన ఇప్పుడు ఈస్టర్ రోజుల చుట్టూ వారం దాటి జరుగుతుంది, ఇండియా నుంచి పెద్ద పెద్ద విద్వాంసులు వస్తారు, పిల్లలకి పోటీలు పెడతారు, వందల మంది కూర్చుని పంచరత్నాలు పాడతారు. మొదట్నుంచీ అక్కడ ముందుండి మోసింది ఎక్కువగా తమిళులే. ఐదు కీర్తనల్లో మొదటిదే సంస్కృతం, మిగతా నాలుగూ తెలుగు. ఆ తెలుగు చరణాలు తమిళ పిల్లలు నెలల తరబడి ప్రాక్టీస్ చేసి కాగితం చూడకుండా పాడతారు. మనం ఆ టైంకి ఉగాది ఈవెంట్‌కి ఏ యాంకర్ని తేవాలా అని వాట్సాప్ గ్రూపులో కొట్టుకుంటూ ఉంటాం.

ఇంకా వెనక్కి వెళ్తే మారిషస్ ఉంది. చెరుకు తోటల్లో పనికి మనవాళ్ళు అక్కడికి వెళ్ళి 180 ఏళ్ళు దాటింది, 1843లో దిగిన ఒక ఓడ పేరులోనే కోరంగి ఉంది, మన కాకినాడ పక్కన కోరంగి. ఇవాళ అక్కడి ఇళ్ళల్లో ఎక్కువగా వినపడేది క్రియోల్, తెలుగు మాట్లాడేవాళ్ళు తక్కువ, అయినా రామభజనం మాత్రం పోలేదండి, దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు. ఉగాదికి దేశం మొత్తానికి సెలవు. వాళ్ళకి ఏ సంఘం స్లాట్లు పంచలేదు, ఆడేవాళ్ళు వేరు చూసేవాళ్ళు వేరు అని లేకపోవడమే వాళ్ళని కాపాడిందని నాకనిపిస్తుంది. అదే దీవిలో భోజ్‌పురి ఆడవాళ్ళు పెళ్ళిళ్ళలో పాడుకునే గీత్ గవాయ్‌ని 2016లో యునెస్కో తన లిస్టులో చేర్చింది. పెళ్ళింట్లో చాప మీద కూర్చుని పాడుకునే పాటలు అవి.

అమెరికాలో మనవాళ్ళు అసలేమీ చెయ్యలేదని కాదు. కాలిఫోర్నియా మిల్పిటాస్‌లో యూనివర్సిటీ ఆఫ్ సిలికానాంధ్ర ఉంది, కూచిపూడిలో ఎంఏ కూడా చెయ్యొచ్చు అక్కడ. ఊరూరా టీచర్లు బేస్‌మెంట్లలో శనాదివారాలు నేర్పుతూనే ఉన్నారు. నేర్చుకోడానికి చోటుంది, ఆడటానికే లేదు. పిల్ల ఏళ్ళ తరబడి నేర్చుకుంటుంది, కాలేజీకి వెళ్ళే ముందు వేసవిలో రంగప్రవేశం, అంటే మొదటిసారి ఒక్కతే పూర్తి కచేరీ ఆడటం, చేస్తారు, పెళ్ళికి తగ్గ ఖర్చు, కార్డులు, రిటర్న్ గిఫ్టులు, ఇండియా నుంచి ఆర్కెస్ట్రా, రెండున్నర గంటలు అద్భుతంగా ఆడుతుంది. ఆ తర్వాత? మళ్ళీ అదే పిల్లని మా సంఘం పిలిచి ఐదు నిమిషాలు ఇస్తుంది. గజ్జెలు క్లోజెట్లోకి పోక ఏమవుతాయి.

అందుకని నేను మా కమిటీలో ఒకటే అడుగుతున్నా, ఇక్కడ మిగతా సంఘాల వాళ్ళనీ అడుగుతున్నా. పెద్ద ఈవెంట్ మీ ఇష్టం, స్టార్ నైట్ పెట్టుకోండి. దాంతో పాటు ఏడాదికి ఒక్క సాయంత్రం ఒక్క కళకి పూర్తిగా ఇవ్వండి. లైబ్రరీ మీటింగ్ రూం చాలు, స్టాళ్ళు వద్దు, సన్మానాలు వద్దు, లైట్లు ఆర్పండి, వాయించేవాళ్ళకి డబ్బులివ్వండి. రెండు గంటలు ఎవరు కూర్చుంటారండీ అంటారు. మొదట్లో అందరూ కూర్చోరు, ఒక యాభై అరవై మంది వస్తారు, వస్తే చాలు. పోయిన శీతాకాలం ఇక్కడి సాఫ్ట్‌వేర్ వాళ్ళే ముగ్గురు కలిసి ఒక ఫ్రెండ్ ఇంట్లో బుర్రకథ చెప్పారు. మధ్యలో కథకుడు తంబురా పట్టుకుని గిరగిరా తిరుగుతున్నాడు, హాస్యం చెప్పే వంత ఆయన మధ్యమధ్యలో గ్రీన్ కార్డ్ లైను గురించి, డ్రైవ్‌వే మీద మంచు తోసే బాధ గురించి ఇరికిస్తున్నాడు, రాజకీయం వంత ఆయన స్కూల్ బోర్డ్ ఎలక్షన్లో మనవాళ్ళు ఓటెయ్యలేదని తగులుకున్నాడు. కథ అల్లూరి సీతారామరాజుది. తొమ్మిదో క్లాసు చదివే పిల్లలు ఫోన్లు పక్కన పడేసి చూశారు. బుర్రకథ చెయ్యాల్సింది ఎప్పుడూ అదే కదా, పాత కథలో ఇవాళ్టి చురక. అది స్టేజి మీద ఐదు నిమిషాలకి కత్తిరిస్తే తందాన తాన తప్ప ఏమీ మిగలదు.

ఇప్పుడు మీ వంతు. ఇండియా నుంచి ఇలాంటి కళాకారుల్ని అమెరికా పిలవడానికి పీ-3 అని ఒక వీసా ఉంది, ఒక సంస్కృతికే ప్రత్యేకమైన కళని ప్రదర్శించేవాళ్ళ కోసం. ఇక్కడి సంస్థ ఐ-129 ఫారంతో పిటిషన్ వెయ్యాలి, ఇక్కడి లేబర్ ఆర్గనైజేషన్ అభిప్రాయం తెచ్చుకోవాలి, ఆ కళ నిజంగా అలాంటిదే అని రుజువులు పెట్టాలి. ఆ రుజువులు ఏంటంటే తెలిసిన పెద్దల ఉత్తరాలు, లేకపోతే పేపర్లలో మేగజైన్లలో వచ్చిన రివ్యూలు. తెలుగు కటింగ్ కూడా పనికొస్తుంది, ఇంగ్లీషు అనువాదం జత చేస్తే చాలు. అంటే మీ జిల్లా ఎడిషన్లో వేసే చిన్న వార్త న్యూజెర్సీలో మాకు పనికొచ్చే కాగితం.

మేం ఒక బృందం కోసం ఫైల్ తయారు చేస్తున్నప్పుడు, నలభై ఏళ్ళుగా డోలు వాయిస్తున్న ఆయన తన దగ్గరున్న కటింగ్‌లు భద్రంగా ఫోటో తీసి వాట్సాప్‌లో పంపారు. ఒకదాంట్లో ఎమ్మెల్యే గారి పేరుంది, సర్పంచ్ గారి పేరుంది, జాతరలో జానపద కళారూపాలు ఆకట్టుకున్నాయి అని ఉంది, ఫోటో మధ్యలో డోలుతో ఈయనే ఉన్నారు. ఈయన పేరు మాత్రం ఎక్కడా లేదు. మిగతావీ అంతే. ఆ కాగితం ఏ ఆఫీసర్‌కి చూపించి ఇది ఈయనేనండీ అని చెప్పాలి? సినిమా వాళ్ళకి ఈ బాధ ఉండదు, వాళ్ళ కటింగ్‌లు గుట్టలు గుట్టలు.

కాబట్టి మీ విలేకరులకి ఒక్క మాట చెప్పండి, కళాకారుడి పూర్తి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఆ రోజు ఏ కథ ఎంతసేపు చెప్పాడు, పక్కన వాయించినవాళ్ళ పేర్లు. ఆరు లైన్లు చాలు. అలాగే మా సంఘాల నుంచి ప్రెస్ నోట్ వచ్చినప్పుడు కూడా ఏం ప్రదర్శించారు, ఎంతసేపు, నేర్పిందెవరు, వాయిద్య సహకారం ఎవరు అని తిప్పి అడగండి, ఆ వివరాలు లేకపోతే వెయ్యం అని చెప్పండి. పేపర్లో ఫోటో పడాలనే యావ మావాళ్ళకి ఎంతుందో మీకు తెలియంది కాదు, మీరు ఒక్క సీజన్ గట్టిగా నిలబడితే వచ్చే ఏడాది ప్రోగ్రాం షీట్ ఎలా మారుతుందో చూడండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎడిసన్, న్యూజెర్సీ