మీ మేనిఫెస్టోలోని ఒక్క హామీ గురించి, ముఖ్యమంత్రి గారికి

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారికి,

నమస్కారం. 2019 జూన్‌లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అప్పటి టీఆర్‌ఎస్‌లో విలీనమైనప్పుడు మీ పార్టీ ప్రతిపక్ష హోదా సైతం కోల్పోయింది. ఇప్పుడు మీ ఉపముఖ్యమంత్రిగా ఉన్న భట్టి విక్రమార్క గారు ఇందిరా పార్కు దగ్గర నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ దీక్ష న్యాయమైనదని నమ్మిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను.

2024 ఏప్రిల్‌లో మీ పార్టీ విడుదల చేసిన జాతీయ మేనిఫెస్టో, పార్టీ ఫిరాయిస్తే పదవి దానంతటదే పోయేలా రాజ్యాంగంలో ఫిరాయింపుల నిరోధక నిబంధనలున్న పదో షెడ్యూలును సవరిస్తామని రాసింది. అదే ఎన్నికల్లో ఖైరతాబాద్ బీఆర్‌ఎస్ ఎమ్మెల్యే దానం నాగేందర్ గారు ఆ పదవికి రాజీనామా చేయకుండానే సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలో మీ పార్టీ గుర్తుపై పోటీ చేశారు. బీఫారం ఇచ్చింది మీ పార్టీయే. కారు గుర్తుకు ఓటేసిన ఖైరతాబాద్ ఓటరుకు ఏం సమాధానం చెబుతారు?

అంతకుముందు పాలించినవాళ్లూ ఇదే చేశారని మీవాళ్లు అంటున్నారు. నిజమే, చేశారు. అందుకే కదా జనం మిమ్మల్ని గెలిపించింది! మీ పార్టీలోకి వచ్చిన బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలపై ఉన్న ఫిరాయింపు ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని 2025 జులై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి రావడం నాకు ఎంతో బాధ కలిగించింది.

మీ పార్టీలోకి వచ్చినవాళ్లతో రాజీనామా చేయించి మళ్లీ ప్రజల ముందుకు పంపండి. పదో షెడ్యూలు సవరణ కోరుతూ శాసనసభలో తీర్మానం పెట్టండి. ఈ రెండింటికీ ఢిల్లీ అనుమతి అక్కర్లేదు.

ఇట్లు,
హైదరాబాద్ ఓటరు