ఫెరిటిన్ చేయించావా అని అడిగిన అక్కకు

మా అమ్మాయికి 13 ఏళ్లు, డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువగా ఉండటం). సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి బాగా నీరసించిపోయింది. స్కూల్ నుంచి రాగానే షూ కూడా విప్పకుండా సోఫాలో పడుకునేది. పాట వినబడితే చాలు గంతులేసే పిల్ల, పిలిచినా పలికేది కాదు. పెద్దమనిషై ఏడాది కావస్తోంది, నెలనెలా బ్లీడింగ్ ఎక్కువే. మొదట చూపించిన చోట రక్తపరీక్ష చేసి, హిమోగ్లోబిన్ 11.6 ఉంది, కణాల సైజు నార్మల్, "ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా" అన్నారు. ఆటోలో ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను. ఈ పిల్లల కోసమే తయారుచేశారని ఎవరో చెప్పిన విటమిన్ పొడి కొందామని డబ్బు కూడా సర్దుకున్నాను.

స్పీచ్ థెరపీ సెంటర్లో బెంచీ మీద నా పక్కన కూర్చునే అక్కా, ఆ రిపోర్టు చూసి మీరు అడిగింది ఒక్క మాట: "ఫెరిటిన్ చేయించావా?" ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష అది. మర్నాడే మీ డాక్టర్ గారి దగ్గరికి మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్లారు.

డాక్టర్ గారూ, మీరు కాగితం మీద గీసి చూపించిన రెండు సున్నాలను నేను మర్చిపోలేను. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో చాలామందికి ఎర్ర రక్తకణాలు మామూలు కంటే పెద్దవిగా ఉంటాయి. ఐరన్ తగ్గితే కణం చిన్నదవుతుంది. పెద్దది కాస్తా చిన్నదైతే రిపోర్టులో నార్మల్ అని పడుతుంది, లోపం బయటపడదు. అందుకే ఏటా థైరాయిడ్‌తో పాటు ఐరన్ నిల్వలు కూడా చూడాలన్నారు. మా పాపకు ఫెరిటిన్ 7 వచ్చింది. 15 కంటే తగ్గితేనే నిల్వలు అడుగంటినట్టట. విటమిన్ డి 11, అదీ తక్కువే. థైరాయిడ్, బి12 బాగానే ఉన్నాయి.

ఆ పొడి డబ్బా ఫొటో చూపిస్తే ఓపిగ్గా చదివి వద్దన్నారు. పెద్ద మోతాదు విటమిన్లతో ఈ పిల్లల తెలివి పెరుగుతుందని 1981లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం చెప్పిందట, తర్వాత పరీక్షించినవాళ్లకు ఆ ఫలితం రాలేదట. విటమిన్ ఎ ఎక్కువైతే లివర్‌కు చేటు. జింక్ ఈ పిల్లల్లో తక్కువగా కనబడటం ఉన్నా, ఎక్కువ కాలం ఎక్కువగా వేస్తే ఒంట్లో రాగి (కాపర్) తగ్గిపోతుందని చెప్పారు. ఏది తక్కువో చూసి అదే ఇద్దామన్నారు.

అత్తయ్యా, మీకూ దండం. ఐరన్ సిరప్‌కూ పాలకూ రాగిజావకూ మధ్య రెండు గంటలు ఉండాలంటే, గోడ మీద సుద్దతో టైము రాసి మరీ పాటించారు. సిరప్ తర్వాత నిమ్మరసం ఇవ్వడం ఒక్క రోజూ మానలేదు.

మూడు నెలలకు ఫెరిటిన్ 34కు వచ్చింది. మొన్న వీధిలో వినాయకుడి మండపం దగ్గర గంటసేపు ఆడింది, నేనే అలసిపోయి కూర్చున్నాను.

ల్యాబ్‌లో రక్తం తీసే తమ్ముడూ, దానికి నరం దొరకదు. నువ్వు సూది పక్కన పెట్టి, ముందు దాని గాజులు లెక్కపెట్టించి, ఒక్క గుచ్చుతోనే తీశావు. వచ్చే శనివారం మళ్ళీ వస్తున్నాం. "గాజులన్నయ్య ఉంటాడా?" అని ఇప్పటికే అడుగుతోంది.