కరెంటు మధ్యలో ఆపితే గడ్డకే లాభం

సంపాదకులకు,

అయ్యా,

గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తయిన ఏడాదిలోపే గడ్డ మళ్లీ కనిపిస్తే, రోగి బంధువులు ముందుగా అడిగేది ‘కరెంటు సరిగా పెట్టలేదా’ అనే. మిషను పాతదనో, డోసు చాలలేదనో అనుకుంటారు. ఎక్కడైనా అలా జరిగి ఉండవచ్చు. కానీ ఒకే మిషను మీద, ఒకే డోసుతో ఒకరి గడ్డ పూర్తిగా కరిగి మరొకరి గడ్డ మిగిలిపోవడానికి చాలాసార్లు ఆ గడ్డలోని జన్యువులే కారణమన్న సంగతి మన పత్రికల ఆరోగ్య పేజీల్లో దాదాపుగా కనిపించదు.

రేడియేషన్ క్యాన్సర్ కణాన్ని చంపేది ప్రధానంగా దాని డీఎన్ఏ పోగులు రెండింటినీ ఒకేచోట తెంపడం వల్ల. ఒక గ్రే (రేడియేషన్ డోసును కొలిచే ప్రమాణం) డోసుకు ఒక్కో కణంలో ఇలా దాదాపు 40 చోట్ల తెగుతుంది. వాటిని అతికించుకోగలిగిన కణం బతికి బట్టకడుతుంది. కణం పైపొర మీది ఈజీఎఫ్ఆర్ అనే ప్రొటీన్ మోతాదుకు మించి ఉన్నా, లోపలి రాస్ జన్యువు మార్పు చెంది విరామం లేకుండా పనిచేస్తున్నా, ‘పెరుగు, చావకు’ అన్న సంకేతం అదేపనిగా కణంలోకి వెళుతూ డీఎన్ఏను అతికించే ఎంజైములను సైతం పురికొల్పుతుంది. రాస్ జన్యువును చొప్పించిన ఎలుక కణాలు రేడియేషన్‌ను ఎక్కువగా తట్టుకుంటాయని 1988లోనే తేలింది. తల, మెడ భాగాల్లో వచ్చే గడ్డల్లో అత్యధికం ఈజీఎఫ్ఆర్ ఎక్కువగా ఉన్నవే.

అలాగైతే ఆ సంకేతాన్ని మందుతో ఆపవచ్చు కదా అని చదువుకున్నవారు అడుగుతున్నారు, కొందరు అప్పు చేసైనా ఆ మందు ఇప్పించమంటున్నారు. ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే సెటుక్సిమాబ్‌ను రేడియేషన్‌తో కలిపి ఇచ్చినప్పుడు అయిదేళ్లు బతికినవారు 36 శాతం నుంచి 46 శాతానికి పెరిగిన మాట నిజమే. 2006లో ఆ పరిశోధన తొలి ఫలితాలు వచ్చినప్పుడు మా రంగంలో అందరం సంతోషించాం. అయితే అక్కడ పోల్చింది రేడియేషన్ ఒక్కటే ఇచ్చినవారితో. సిస్‌ప్లాటిన్ అనే పాత, చవకైన మందుకు దాన్ని జోడిస్తే అదనపు ప్రయోజనం కనిపించలేదు. హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిన గొంతు క్యాన్సర్లలో సిస్‌ప్లాటిన్‌కు బదులు దీన్ని ఇస్తే ఫలితం తగ్గిందని 2018లో వెల్లడైంది. కణానికి ఒక దారి మూసేస్తే మరో దారి తెరుచుకుంటుంది కాబట్టి, కొత్త మందు గురించి రాసేటప్పుడు దేనితో పోల్చి మేలన్నారో కూడా తప్పక రాయాలని నా మనవి.

ఈ శాస్త్రంలో పేదవాడికి కూడా అక్కరకు వచ్చే విషయం ఒకటుంది. సాధారణంగా రోజుకు 2 గ్రే చొప్పున, వారానికి అయిదు రోజులు, ఏడు వారాల్లో 70 గ్రే ఇస్తాం. దాదాపు నాలుగో వారం దాటాక బతికిన కణాలు మునుపటికంటే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. అక్కడి నుంచి వృథా అయిన ఒక్కో రోజుకు దాదాపు 0.6 గ్రే ప్రభావం పోయినట్టే. ఈ వేగం వెనుక కూడా ఈజీఎఫ్ఆర్ సంకేతాలు ఉన్నాయి: బ్రిటన్‌లో చికిత్స మొత్తాన్ని 12 రోజుల్లోనే ముగించి చూసినప్పుడు, ఈజీఎఫ్ఆర్ ఎక్కువగా ఉన్న గడ్డలకే దానివల్ల మేలు జరిగిందని 2005లో ప్రచురించారు.

మన దగ్గర రోగులు ఇంటికి వెళ్లిపోయేది ఆ నాలుగు, అయిదు వారాల్లోనే. నోరంతా పూసి గంజి కూడా మింగుడు పడదు, చేతిలో డబ్బు అయిపోతుంది, ఊళ్లో కోతలు మొదలవుతాయి. ‘వారం ఆగి వస్తాం’ అంటారు. వాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నోరు పూస్తుందని, ముక్కు ద్వారా గొట్టం వేసి ఆహారం ఇవ్వవచ్చని, నొప్పికి తగిన మందులున్నాయని మొదటి రోజే విడమరిచి చెప్పాల్సింది మేమే. మిషను చెడిపోయో, జ్వరం వచ్చో సిట్టింగు తప్పితే, శనివారం పెట్టించుకోవడానికి గానీ, కనీసం ఆరు గంటల ఎడంతో ఒకేరోజు రెండు సిట్టింగులు తీసుకోవడానికి గానీ వీలుంటుందేమో రోగులు తమ డాక్టరును తప్పక అడగాలి.

ఇట్లు,
ఒక రేడియేషన్ వైద్యుడు,
గుంటూరు