వార్షిక నివేదిక: మన పాఠాల్లోంచి 'బానిస' తొలగిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

కడపలో మన ఆదివారం కంప్యూటర్ తరగతులు ఎండాకాలం సెలవులు తప్ప ఏడాదంతా నడిచాయి. మూలనపడ్డ రెండు కంప్యూటర్లు బాగుచేయించాం. జమాఖర్చులు కోశాధికారి చదివి వినిపిస్తారు. కార్యవర్గ సమావేశాల్లో ఎక్కువ సమయం తీసుకున్నది మాత్రం ఒక్క మాట.

డేటాబేస్ (సమాచార నిల్వ) పాఠంలో అసలు సమాచారం ఉండే యంత్రం 'మాస్టర్', దాన్ని చూసి రాసుకునేది 'స్లేవ్'. ఆ పాఠాన్ని తెలుగు చేస్తూ ఈ పేర్లున్నచోట 'యజమాని, బానిస' అని రాశాం. ఇంగ్లీషులో ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని మాట తెలుగులో బోర్డెక్కగానే గుచ్చుకుంది. 'యజమాని రాసిందే బానిస రాసుకుంటుంది' అనే వాక్యం దగ్గర ఒక విద్యార్థిని కలం మూసి పక్కన పెట్టింది. వాళ్ల తాత అప్పు కింద ఒక ఇంట్లో జీతగాడిగా ఉన్నారని తరగతి అయ్యాక చెప్పింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది 1976లో. ఆ తాతలు ఇంకా మన మధ్యనే ఉన్నారు.

బయట ఈ వాదన పాతదే. పరికరాల మీద ఈ పేర్లు వద్దని లాస్ ఏంజెలిస్ కౌంటీ 2003లోనే సరఫరాదారులను కోరింది. వెబ్‌సైట్లు కట్టే సాధనం జాంగో 2014లో, ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 2018లో వీటిని చాలావరకు మార్చుకున్నాయి. 2020 అక్టోబరు నుంచి, ప్రోగ్రాముల కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్‌లో కొత్త ప్రాజెక్టుల మొదటి బ్రాంచి (కోడ్ శాఖ) పేరు 'మాస్టర్' కాదు, 'మెయిన్'.

మార్పు వద్దన్నవారి మాటకూ బలముంది. మనకు మాస్టారంటే చదువు చెప్పినాయన, ఒంటరిగా వచ్చే 'మాస్టర్'లో తప్పేమిటని అడిగారు. పేరు మారితే కూలి పెరుగుతుందా అన్నారు ఇంకొకరు. హాజరు ప్రోగ్రాం బ్రాంచి పేరు నేనే మార్చాను, దాన్ని నడిపే స్క్రిప్టులో (ఆదేశాల ఫైలులో) మార్చడం మరిచాను. అది రాత్రంతా పాత పేరునే వెతికింది, తెల్లవారి కొత్త పిల్లల పట్టిక రాలేదు.

చివరికి 'ప్రధాన', 'ప్రతి' అని ఖాయం చేశాం. రెండో యంత్రం చేసేది చాకిరీ కాదు, మొదటిదానిలో ఉన్నది ఉన్నట్టు ఎక్కించుకోవడం. పండితుల చేత తాళపత్రాలకు ప్రతులు రాయించిన సి.పి. బ్రౌన్ ఒకప్పుడు ఉన్న ఊరు మనది, ఇంతకంటే సొంత మాట ఎక్కడ దొరుకుతుంది? బ్లాక్‌లిస్టు 'నిరోధిత జాబితా' అయింది, వైట్‌లిస్టు 'అనుమతి జాబితా'. ఉద్యోగాల్లో పాత కోడ్ ఎదురవుతుంది కనుక పాత పేర్లు పాఠం చివర ఒకసారి చెబుతున్నాం.

'చైల్డ్ ప్రాసెస్‌ను కిల్ చేయడం' (ఒక ప్రోగ్రాం మొదలుపెట్టిన ఇంకో ప్రోగ్రాంను ఆపేయడం) తెలుగులో ఎలా రాయాలో ఇంకా తేలలేదు. సూచనలు ఉగాదిలోగా అందజేయండి.

కార్యదర్శి