డైలాగులే మరపురాని ఘట్టాలా?

సంపాదకులకు,

ఆదివారం సంచికలో మీరు వేసిన మరపురాని సినిమా ఘట్టాల జాబితా చూశాను. అన్నీ హీరోల ఎంట్రీలు, తొడగొట్టే డైలాగులే! జగదాంబ సెంటర్ దగ్గర ఒక హాల్లో చాలా ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసినవాణ్ని. మా గది కిటికీలోంచి తెరతో పాటు జనమూ కనబడేవారు.

1957 నాటి ‘మాయాబజార్’ మేం వేసేసరికి ప్రింటు నిండా గీతలే. అయినా లడ్డూలు వాటంతటవే లేచి ఎస్వీ రంగారావు నోట్లోకి వెళ్తుంటే నేల టికెట్టు జనం ఈలలతో హాలు ఎగరగొట్టేవారు. నా ఓటు మాత్రం సావిత్రికే. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు ఒళ్లు మరిచి మగాడిలా ఛాతీ విరిచి, అంతలోనే తేరుకుని సిగ్గులు ఒలకబోస్తాడు చూడండి, అక్కడ. లేని మీసం మెలేస్తున్నట్టే ఉంటుంది. పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కేటప్పుడైతే నవ్వుల్లో సౌండే వినబడేది కాదు. రీలు మార్చమనే చుక్క కోసం మేం తెర కుడి పైమూలనే చూడాలి. ఆ సీన్లో అదో పెద్ద టెన్షన్.

మన విశాఖలో తీసిన ‘మరో చరిత్ర’ ఊసే లేదేమండీ? లిఫ్టులో కమల్‌హాసన్ సినిమా పేర్లన్నీ గుచ్చి సరిత ముందు పాడే పాట చాలదా? ఇరుకు లిఫ్టు, ఇద్దరు మనుషులు, నలుపూ తెలుపూ. అంతే.

ఇంకోటి. ఘట్టం గురించి రాసినవాళ్లు నటుడి దగ్గరే ఆపేస్తారు. ‘మాయాబజార్’ కెమెరా మార్కస్ బార్ట్‌లేది. రెండో జాబితా వేస్తే కెమెరామెన్ల పేర్లూ వేయండి.

– ఒక రిటైర్డ్ ఆపరేటర్, మహారాణిపేట, విశాఖపట్నం